హ్యాండిల్ వెనక్కి జారుతోందా? రీలు యాంటీ రివర్స్ బేరింగ్ జబ్బు కనిపెట్టడం, కడగడం, మార్చడం

చెరువులో గుర్రపు డెక్క మీదుగా ఎరగా కట్టిన రబ్బరు కప్పని లాక్కొస్తుంటే కొరమీను కొట్టింది. ఒక్క క్షణం ఆగి రాడ్డు గట్టిగా పైకి గుంజాను. గుంజీ గుంజగానే హ్యాండిల్ పావు చుట్టు వెనక్కి తిరిగి టక్కున ఆగింది. ఆ పావు చుట్టే చాలు, ముల్లు దాని గట్టి దవడలోకి దిగలేదు, కప్పని ఊసేసి పోయింది. డ్రాగ్ (చేప గట్టిగా లాగితే దారం తెగకుండా కొంచెం కొంచెం వదిలే బ్రేకు) వదులైందేమో అనుకుని, దాన్ని బిగించే నక్షత్రం ఆకారపు చక్రం, అదే స్టార్, ఇంకాస్త బిగించాను. రెండో చేపా అంతే. ఇంటికొచ్చి విప్పి చూస్తే దోషిని నేనే: ముందు వారం సర్వీసింగ్ పేరుతో కూర్చుని, మిగతా బేరింగులకి పెట్టినట్టే, హ్యాండిల్ వెనక్కి తిరక్కుండా ఆపే యాంటీ రివర్స్ బేరింగ్‌కీ వేలితో గ్రీజు కూరాను.

రీల్లో ఉన్న బేరింగులన్నీ జారడానికి ఉన్నాయి, ఇదొక్కటే పట్టుకోవడానికి ఉంది. పేరులో బేరింగ్ అని ఉండటం వల్ల వచ్చిన తిప్పలు ఇవన్నీ. నా చేతికొచ్చిన జారుడు రీళ్లలో ఎక్కువ శాతం బేరింగ్ పాడైనవి కావు, నూనె ఎక్కువైనవి. కాబట్టి కొత్తది కొనే ముందు ఈ రాసిందంతా ఒకసారి చేసి చూడండి, ఒక సాయంత్రం పని.

లోపల ఏం జరుగుతుంది

బయట ఒక స్టీలు గిన్నె, దాని లోపలి గోడకి చిన్న చిన్న వాలు గుంటలు. ఒక్కో గుంటలో సన్నటి స్టీలు రోలర్. రోలర్లని వరసలో ఉంచే ప్లాస్టిక్ పంజరం, ఒక్కో రోలర్‌ని వాలు ఇరుకు వైపుకి నెట్టే బుల్లి స్ప్రింగ్. మధ్యలోంచి గట్టి స్టీలు స్లీవ్ (గొట్టం) వెళ్తుంది. హ్యాండిల్ ముందుకి తిప్పితే రోలర్లు గుంటల్లో వెడల్పు వైపుకి జరిగి ఊరికే దొర్లుతాయి. వెనక్కి తిరగబోతే ఇరుకు వైపుకి దొర్లి, స్లీవుకీ గోడకీ మధ్య చీలలాగా బిగుసుకుంటాయి. కదులుతున్న లారీ టైరు కింద రాయి పెడితే ఆగినట్టే.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా మీకే తోస్తుంది. ఆ స్ప్రింగులు చాలా బలహీనమైనవి, చిక్కటి గ్రీజులో ఇరుక్కున్న రోలర్‌ని కదల్చలేవు. రెండోది, బిగుసుకోవాలంటే స్టీలు మీద స్టీలుకి రాపిడి కావాలి, మధ్యలో నూనె పొర మందంగా ఉంటే రోలర్ పట్టు దొరక్క జర్రున జారుతుంది.

షిమానోవాళ్లు దీన్ని సూపర్ స్టాపర్ అన్నారు, డైవావాళ్లు ఇన్ఫినిట్ యాంటీ రివర్స్ అన్నారు, పేర్లు వేరైనా సూత్రం ఒకటే. దీనికంటే ముందు రీళ్లలో పళ్ల చక్రం, దాన్ని ఆపే కొక్కెం ఉండేవి. హ్యాండిల్ కాస్త వెనక్కి ఆడేది, అయితే గ్రీజు పూసినా నీళ్లు పోసినా పనిచేసేది. ఇప్పటికీ చాలా బెయిట్‌కాస్టర్లలో (రాడ్డు పైన కూర్చుని, దారం చుట్టుకునే స్పూలు తనే తిరిగే రీళ్లు) ఆ కొక్కెం రెండో కాపలాగా లోపల ఉంటుంది. నా హ్యాండిల్ పావు చుట్టు తిరిగి టక్కున ఆగింది అన్నాను కదా, ఆపింది అదే. స్పిన్నింగ్ రీళ్లలో (రాడ్డు కింద వేలాడేవి, స్పూలు చుట్టూ రోటర్ అనే భాగం తిరిగి దారం చుట్టేవి) చాలావాటికి ఈ రెండో కాపలా ఉండదు. జారితే రోటరూ హ్యాండిలూ కలిసి వెనక్కి గిర్రున తిరుగుతాయి, పెద్ద చేప పరుగు మీద ఉంటే ఆ హ్యాండిల్ వేళ్ల కణుపుల మీద కొడుతుంది. ఒకసారి తగిలించుకున్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

ముందు దొంగ ఎవరో తేల్చండి

స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే చేయాల్సిన పని ఇది. జారుడులా కనిపించేవి ఇంకో మూడు ఉన్నాయి.

డ్రాగ్‌ని చేత్తో తిరిగినంత బిగించండి, దారం చివర దేనికైనా కట్టి లాగండి, లాగుతూ ఏది తిరుగుతోందో చూడండి. హ్యాండిల్ కదలకుండా స్పూలు మాత్రం తిరిగి దారం వస్తుంటే అది డ్రాగ్, ఈ బేరింగ్‌కి సంబంధం లేదు. స్పూలు తిరగకుండానే దారం వస్తుంటే బ్రెయిడ్ (సన్నటి పోగులు అల్లిన దారం) చుట్ట మొత్తం స్పూలు మీద జారుతోందని అర్థం. నున్నటి స్పూలుకి నేరుగా బ్రెయిడ్ కడితే ఇది మామూలే. అడుగున కొన్ని మీటర్ల మోనో (ఒకే పోగు నైలాన్ దారం) చుట్టి దాని మీద బ్రెయిడ్ చుట్టుకుంటే తీరిపోతుంది. ఇది తెలియక బేరింగ్ కొనుక్కున్నవాళ్లని చూశాను. హ్యాండిల్ వెనక్కి తిరుగుతుంటే మాత్రం మనం వెతికేది అదే.

మూడోది ఆట. అంటే హ్యాండిల్ పిసరంత వెనక్కి వెళ్లి ప్రతిసారీ ఒకే చోట గట్టిగా ఆగడం. అది గేరు పళ్ల మధ్య సందు కావొచ్చు, హ్యాండిల్ స్క్రూ వదులు కావొచ్చు, స్పిన్నింగ్ రీల్లో రోటర్ నట్టు వదులు కావొచ్చు. రోటర్‌ని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని రెండో చేత్తో హ్యాండిల్ ఆడించండి, అప్పుడూ ఆడితే ఆట గేరులోనో హ్యాండిల్లోనో ఉంది. జారుడు ఇలా క్రమంగా ఉండదు, పదిసార్లు పట్టుకుని పదకొండోసారి వదిలేస్తుంది. ఎప్పుడు వదులుతుందో చెప్పలేం, దీంతో వచ్చే టెన్షన్ అంతా అదే.

దీన్ని బయటపెట్టే పరీక్ష ఒకటుంది. హ్యాండిల్‌ని గడియారంలో పన్నెండు అంకెల దగ్గరా ఒక్కోసారి ఆపి, ప్రతిచోటా రెండు రకాలుగా వెనక్కి తిప్పండి: ఒకసారి చాలా మెల్లగా, ఒకసారి గబుక్కున. అన్నిచోట్లా అప్పుడప్పుడూ జారుతుంటే నూనె, గ్రీజు, మురికి అనుకోవచ్చు. ఎప్పుడూ ఒకే అంకె దగ్గర జారుతుంటే స్లీవు మీద ఆ చోట గుంటో అరుగుదలో ఉండొచ్చు. (స్పిన్నింగ్ రీల్లో హ్యాండిల్ ఒక చుట్టు తిరిగితే రోటర్ ఐదారు చుట్లు తిరుగుతుంది కాబట్టి అక్కడ హ్యాండిల్ అంకెలు కాదు, రోటర్ ఎక్కడ ఆగిందో చూడాలి.) ఎటు తిప్పినా ఎప్పుడూ పట్టుకోకపోతే, వెనక్కి తిప్పుకునే మీట ఉన్న రీలైతే ముందు ఆ మీట చూడండి, సగంలో ఇరుక్కుని ఉండొచ్చు.

తెల్లవారుజామున జారి, ఎండెక్కాక బాగా పనిచేస్తోందా? గ్రీజే. చలికి గ్రీజు గట్టిపడి రోలర్లని పట్టేస్తుంది. ఆదిలాబాద్ వైపు డిసెంబరు ఉదయాల్లో ఇది కనిపిస్తుంది, అమెరికాలో చలి రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లకైతే మరీ ఎక్కువ. అనుమానం ఉంటే రీలుని ఒక కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో గంటసేపు పెట్టి తీసి తిప్పి చూడండి. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి పెట్టండి.

ఏమేం కావాలి

సరిగ్గా సరిపోయే చిన్న స్క్రూడ్రైవర్లు, రీలు నట్టుకి తగిన పానా, పట్టకారు, మెత్తటి బ్రష్, ఇయర్ బడ్స్, పంటి పుల్లలు, పీచు రాలని గుడ్డ, అంచున్న స్టీలు పళ్లెం. పళ్లెంలో తెల్ల గుడ్డ పరిచి దాని మీదే విప్పండి, స్ప్రింగ్ కిందపడితే ఇక దొరకదు. విప్పే ప్రతి దశలోనూ ఫోనులో ఫొటో తీసుకోండి. మీ మోడల్ విడిభాగాల బొమ్మ కంపెనీ సైటులో దొరికితే దించుకోండి, దానికంటే మంచి గురువు లేడు.

కడగడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతంది. మొబైల్ రిపేరు షాపులవాళ్లు ఐపీఏ అని వాడేది ఇదే. 70 శాతంది వద్దు, మిగతా ముప్ఫై నీళ్లే. సిగరెట్ లైటర్లలో పోసే నాఫ్తా ద్రవం కూడా బాగుంటుంది, జిడ్డుని ఇంకా బాగా లాగేస్తుంది. కిరోసిన్ వద్దు, ఆరాక పల్చటి జిడ్డు వదిలిపోతుంది, మనం వదిలించుకోవాలనుకునేది సరిగ్గా దాన్నే. పెట్రోలూ వద్దు. అసిటోన్ అసలే వద్దు, కొన్ని ప్లాస్టిక్ పంజరాల్ని తినేస్తుంది. శానిటైజర్ జెల్ కూడా ఆల్కహాలే కదా అని ఒకతను అడిగాడు, అందులో బంక ఉంటుంది నాయనా. ఏది వాడినా కిటికీలు తెరిచి, పొయ్యికీ అగరుబత్తికీ దూరంగా.

స్పిన్నింగ్ రీలు విప్పడం

డ్రాగ్ నాబ్ తీసి స్పూలు పైకి లాగేయండి. షాఫ్టు మీద ఉన్న వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఫొటో తీసుకోండి. రోటర్ మధ్యలో నట్టు, అది తిరక్కుండా పట్టుకునే చిన్న రేకు, దానికో బుల్లి స్క్రూ ఉంటాయి. ముందు స్క్రూ, తర్వాత రేకు, తర్వాత నట్టు. ఈ నట్టు దగ్గర ఒక్క మాట: కొన్ని మోడళ్లలో మర తిరగేసి ఉంటుంది, మామూలుగా వదులు చేసే వైపుకి ఎంత తిప్పినా కదలకపోతే బలం ప్రయోగించకండి, బొమ్మ చూడండి.

రోటర్ నిటారుగా పైకి వస్తుంది. దాని కింద సముద్రపు రీళ్లకి రబ్బరు సీలు ఉండొచ్చు, దాని కింద ఈ బేరింగ్‌ని కప్పే క్లచ్ మూత, మామూలుగా మూడు స్క్రూలు. మూత తీస్తే మనం వెతికేది కనిపిస్తుంది. తీసేముందు పై ముఖం మీద మార్కరుతో ఒక చుక్క పెట్టండి, ఎందుకంటే తలకిందులుగా బిగిస్తే రీలు ముందుకి తిరగదు, వెనక్కి మాత్రం హాయిగా తిరుగుతుంది. స్లీవు లోపలే ఉండేలా మొత్తం ఒకే ముద్దగా పైకి తీయండి. స్లీవు విడిగా జారిపోతే కొన్ని మోడళ్లలో రోలర్లు పొలోమని రాలిపోతాయి.

ఒక హెచ్చరిక. డైవా మ్యాగ్‌సీల్డ్ రీళ్లలో రోటర్ కింద అయస్కాంతపు నూనె సీలుగా ఉంటుంది. ఇంట్లో విప్పి ఆల్కహాల్ పోస్తే ఆ నూనె పోతుంది, మళ్లీ మనం పోయలేం. అది సర్వీస్ సెంటర్‌కే.

బెయిట్‌కాస్టర్ విప్పడం

హ్యాండిల్ నట్టు మీది చిన్న మూత, నట్టు, హ్యాండిల్, స్టార్ ఈ వరసలో వస్తాయి. ఎడమచేతి రీళ్లలో హ్యాండిల్ నట్టు మర తిరగేసి ఉండొచ్చు. స్టార్ కింద వంపు వాషర్లు రెండో నాలుగో ఉంటాయి, వాటి వంపు ఏ వైపుకి ఉందో తప్పనిసరిగా ఫొటో తీసుకోండి, తారుమారైతే డ్రాగ్ సరిగా బిగుసుకోదు. తర్వాత షాఫ్టు మీది స్లీవు బయటికి లాగండి. ఇక పక్క పలక స్క్రూలు తీసి పలక ఎత్తితే బేరింగ్ అందులోనే ఉంటుంది. చాలా రీళ్లలో బేరింగ్‌ని పలకలోంచి ఊడదీయక్కర్లేదు, అక్కడే కడగొచ్చు.

ఈ రకంలో గ్రీజు ఎక్కడినుంచి వస్తుందో చూడండి: డ్రాగ్ వాషర్లకి పూసిన గ్రీజు నేరుగా స్లీవు కిందే ఉంటుంది. డ్రాగ్‌కి ధారాళంగా పూస్తే ఎండలో కారులో పెట్టిన రోజున పల్చబడి పైకి పాకుతుంది. బేరింగ్ కడిగినా నెల తిరక్కుండా మళ్లీ జారుతోందంటే అక్కడ చూడాలి. వాషర్లకి మెరుపు వచ్చేంత పూసి మిగతాది తుడిచేయాలి, అంతే.

కడగడం

ఇక్కడ తొందరపడకండి. చిన్న గాజు గిన్నెలో ఆల్కహాల్ పోసి బేరింగ్‌ని పది పదిహేను నిమిషాలు నానబెట్టి, స్లీవుని ముందుకి తిరిగే దిక్కులో మెల్లగా తిప్పుతూ కడగండి. ద్రవం మబ్బుగా మారుతుంది, పారబోసి కొత్తది పోయండి. మూడుసార్లకి తక్కువ కాకుండా, ద్రవం స్వచ్ఛంగా ఉండేదాకా. రోలర్ల సందుల్లో ఇయర్ బడ్ పెట్టి రుద్దకండి, దాని పీచు ఒక్కటి స్ప్రింగు కింద చేరితే కొత్త జబ్బు. బ్రష్ చాలు. ఇయర్ బడ్స్ స్లీవు తుడవడానికీ, బేరింగ్ కూర్చునే గుంటని తుడవడానికీ. ఆ గుంటని మర్చిపోయేవాళ్లే ఎక్కువ, అక్కడి గ్రీజే మళ్లీ లోపలికి వస్తుంది.

పలకలో ఉంచే కడిగేవాళ్లు పలకని వాల్చి, పారిన మురికి కిందికి పోయేలా కడగండి, లేదంటే అది పక్కనున్న బాల్ బేరింగ్‌లోకి చేరుతుంది. తర్వాత ఫ్యాను కింద అరగంట ఆరబెట్టండి. హెయిర్ డ్రయ్యర్ వేడి గాలి వద్దు, ఆవిరవుతున్న ద్రవానికి మంట ప్రమాదం ఉంది.

ఆరాక చూడాల్సినవి

స్లీవుని వెలుతురులో తిప్పుతూ చూడండి. పైన నిలువుగా సన్నటి మెరుపు గీతలు మామూలే. గోరు అడ్డంగా పోనిస్తే తట్టుకునేంత గాడి ఉంటేనో, తుప్పు తిన్న చుక్కలు ఉంటేనో మార్చాల్సిందే. ఎమెరీ కాగితం పెట్టి నున్నగా చేద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది, వద్దు. రుద్దితే స్లీవు సన్నబడుతుంది, రోలర్లు వాలు చివరికి పోయినా దాన్ని అందుకోలేవు, మునుపటికంటే ఎక్కువ జారుతుంది.

పంటి పుల్లతో ఒక్కో రోలర్‌ని స్ప్రింగుకి ఎదురుగా కొంచెం నెట్టి వదలండి. ప్రతి ఒక్కటీ ఠక్కున వెనక్కి రావాలి. ఒకటి బద్ధకంగా వచ్చినా, అసలు రాకపోయినా ఇంకోసారి కడగండి. అప్పటికీ రాకపోతే స్ప్రింగ్ పోయింది. పంజరంలో చీలిక కనిపించినా అంతే. స్ప్రింగులు మామూలుగా విడిగా అమ్మరు, బేరింగ్ మొత్తం మార్చాలి.

ఇంకొకటి, అందరూ వదిలేసేది: బయటి గిన్నె కూర్చునే గుంట. ఈ గిన్నె పల్చటి స్టీలు, తనంతట తను గుండ్రంగా నిలబడలేదు, చుట్టూ ఉన్న గోడ బిగువు మీద ఆధారపడుతుంది. ఆ ప్లాస్టిక్ గోడకి సన్నటి పగులు ఉంటే భారం పడ్డప్పుడు గిన్నె ఉబ్బుతుంది, రోలర్లు జారతాయి, విప్పి చూస్తే బేరింగ్ మాత్రం బంగారంలా ఉంటుంది. ఆరు పలకల గిన్నె ఉన్న రీళ్లలో ఆ మూలలు అరిగి, గిన్నె మొత్తం గుంటలో తిరుగుతుండొచ్చు. మార్కరుతో గిన్నె మీదా గోడ మీదా కలిపి ఒక గీత గీసి, బిగించి గట్టిగా లాగి చూడండి. గీత విడిపోతే దొరికినట్టే.

నూనె ఎంత

సలహాలు తేడాగా ఉండేది ఇక్కడే. చెరువులూ రిజర్వాయర్లూ తప్ప సముద్రం వైపు వెళ్లని రీలుకి పొడిగా వదిలేసినా నడుస్తుంది. నేను మాత్రం పొడిగా వదలను, మన వానాకాలం తేమకే స్టీలు ఎర్రబడటం చూశాను. చాలా పల్చటి రీలు నూనె ఒక్క చుక్క గుడ్డ మీద వేసి, ఆ గుడ్డతో స్లీవుని తుడిచి, పొడి గుడ్డతో ఇంకోసారి తుడిచేస్తాను. మిగిలినంత చాలు. అమెరికాలో రీళ్లు బాగుచేసేవాళ్లు చాలామంది టీఎస్ఐ 301 అనే నూనెని ఇందుకు వాడతారు. అది దొరక్కపోతే నాణ్యమైన కుట్టు మిషను నూనె, అదీ తుడిచేసిన మేరకే. డబ్ల్యూడీ-40 ని నేరుగా కొట్టొద్దు, పక్కనున్న గ్రీజుని కరిగించి ఇందులోకి తెస్తుంది.

విశాఖ రాళ్ల మీదా, గోదావరి మొగ దగ్గర పండుగప్ప కోసమూ తిరిగే రీళ్లకి ఈ పల్చటి పొర తప్పనిసరి. అక్కడ ఉప్పు రెండు రకాలుగా చంపుతుంది, తుప్పుగా ఒకటి, ఎండి గడ్డకట్టి రోలర్లని పట్టేయడం ఇంకొకటి. వచ్చిన రోజే మంచినీళ్లు మెల్లగా చిలకరించి తుడవండి. కుళాయి ధార కింద పెడితే ఉప్పు ఇంకా లోపలికి పోతుంది. నీళ్లు చిలకరించేటప్పుడు డ్రాగ్ బిగించి ఉంచండి, అయ్యాక వదులు చేయండి.

మార్చాల్సి వస్తే

కంపెనీ విడిభాగం దొరికితే అదే కొనండి, బేరింగూ స్లీవూ కలిపి. పాత స్లీవు మీద కొత్త రోలర్లు వేస్తే డబ్బు సగం వృథా. దొరకనప్పుడు పరిశ్రమల్లో వాడే వన్ వే బేరింగ్ సరిపోతుందేమో చూడొచ్చు. వాటి నంబరులోనే కొలత ఉంటుంది: హెచ్ఎఫ్ 0612 అంటే లోపలి షాఫ్టు 6 మి.మీ., వెడల్పు 12 మి.మీ., 0812 అంటే 8, 12. బయటి కొలత, వెడల్పు, పట్టుకునే దిక్కు, బయటి గిన్నె ఆకారం నాలుగూ కుదరాలి. చాలా రీళ్లకి కుదరవు. కుదిరినా సుత్తితో కొట్టి దించకండి, గిన్నె సొట్టపోతుంది. దాని కొలతకి సరిపోయే, నట్లు తిప్పే సాకెట్ పెట్టి నిదానంగా నొక్కండి.

బిగించి పరీక్షించడం

స్లీవుని లోపలికి తోసేటప్పుడు ముందుకి తిరిగే దిక్కులో తిప్పుతూ దించండి, నేరుగా నొక్కితే రోలర్లు అడ్డం పడతాయి. స్లీవు లోపలి చదును ముఖాలు షాఫ్టు చదునులతో కలవాలి. మీట ఉన్న రీలైతే దాని పిన్ను పంజరం గాడిలో కూర్చుందో లేదో మూత పెట్టకముందే రెండు వైపులా ఆడించి చూడండి.

మొత్తం బిగించాక సామాను తూచే చేతి కాటాకి దారం కట్టి, డ్రాగ్ రీలు హద్దు లోపల బాగా బిగించి, రెండు మూడు కిలోల దాకా మెల్లగా లాగండి, తర్వాత కుదుపుగా లాగండి. హ్యాండిల్‌ని ప్రతిసారీ కొంచెం కొంచెం జరుపుతూ ముప్ఫైసార్లు. ఒక్కసారి జారినా పని అయిపోలేదు, మళ్లీ విప్పి ఇంకోసారి కడగాలి. నాకు మొదటి కడుగుడుకే కుదిరినవి తక్కువ, గుంటలోనో స్లీవు లోపలివైపో జిడ్డు మిగిలే ఉంటుంది.

నీళ్ల దగ్గరే జారడం మొదలైతే ఆ రోజుకి గండం గడిపే మార్గం ఒకటుంది. గుంజే ముందు హ్యాండిల్‌ని చేత్తో గట్టిగా పట్టుకోండి, బెయిట్‌కాస్టర్ అయితే బొటనవేలితో స్పూలుని కూడా అదమండి. చేప పడ్డాక డ్రాగ్ బాగా వదులు చేసి ఆడించండి, భారం తక్కువైతే రోలర్లు జారే అవకాశమూ తగ్గుతుంది, చేతివేళ్లూ మిగులుతాయి. ఎండలో కాసేపు పెడితే గ్రీజు వల్ల వచ్చిన జారుడు తాత్కాలికంగా తగ్గుతుంది. స్పిన్నింగ్ రీలుతో పెద్ద వాలుగ మీదకి మాత్రం ఆ రోజు వెళ్లకండి.